మా ఊరి వానకాలం

నేను నాలుగో తరగతిలో ఉండగా తెలుగు పరీక్షలో ఒక ప్రశ్న అడిగారు: "వర్షఋతువు ఏయే మాసాలలో వస్తుంది?" పుస్తకంలోని జవాబు నాకు రాక కాదు. శ్రావణ భాద్రపదాలని ముందునాటి సాయంత్రమే వల్లె వేసి ఉన్నాను. కాని నేను కూర్చున్నది కిటికీ పక్కన. బయట తెల్లవారినప్పటి నుండి ఒకటే వాన. బడి ముందరి ఆటస్థలం మడుగైపోయింది. కప్పలు బెకబెకమంటున్నాయి. దీపావళి వెళ్ళి వారమే అయింది. అంటే అది కార్తికమాసం. కళ్ళెదుట కురుస్తున్న వానను కాదని రాయడానికి నాకు చేతులు రాలేదు. "ఆశ్వయుజ, కార్తిక మాసాలు" అని రాశాను. జవాబు పత్రం తిరిగి వచ్చినప్పుడు దాని మీద ఎర్ర సిరాతో పెద్ద సున్న ఉంది.

ఏడుపు ఆపుకుంటూ ఆ కాగితాన్ని తాతకు చూపించాను. తాత పెద్దగా చదువుకున్నవాడు కాడు. పంచాంగం మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"నువ్వు రాసింది తప్పు కాదురా అబ్బయా! పుస్తకంలో ఉన్నదీ తప్పు కాదు. ఆ పుస్తకం గోదావరి గట్టున ఉండేవాళ్ళ వాన సంగతి చెప్పింది. నువ్వు మన వాన సంగతి చెప్పినావు" అన్నాడు.

ఒకే ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఎలా ఉంటాయో ఆనాడు నాకు బోధపడలేదు. బోధపడడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాది ఊత్తుకోట దగ్గర ఒక పల్లె. చెన్నపట్నానికి వాయవ్యంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరం. అప్పుడది చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పడమటి దిక్కున దూరంగా కొండలు నీలిగీతలా కనిపిస్తాయి గాని, మా చుట్టూ అంతా చదునైన నేల. అరణియారు, కొసస్థలి అనే రెండు నదులు ఈ మైదానం మీదుగా సముద్రానికి పోతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం వాటిలో ఇసుకే తప్ప నీరు కనబడదు. ఇంట్లో మా మాట తెలుగు, అంగట్లో తమిళం. గోడకు వేలాడే తేదీకాగితం తమిళ నెలల పేర్లు చెప్పేది. దూలం సందున దోపిన పంచాంగం తెలుగు మాసాల పేర్లు చెప్పేది.

మన దేశానికి వాన ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఎండాకాలంలో నేల బాగా వేడెక్కినప్పుడు సముద్రం మీది తేమగాలులు నేల వైపు వీస్తాయి. అవి నైరుతి ఋతుపవనాలు. సాధారణంగా జూన్ మొదటి తేదీకి అటూ ఇటూగా కేరళను తాకి, ఆ తరువాత కొద్ది రోజులకు తెలుగు నేలకు చేరతాయి. హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసే వానలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. మన పుస్తకాలలోని వర్షఋతువు ఇదే. కాని అరేబియా సముద్రం నుండి వచ్చే ఆ మేఘాలు పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తమ నీటిని చాలావరకు కుమ్మరించేస్తాయి. కనుమలకు ఇవతల ఉన్న తమిళ నేలకు మిగిలేది కొద్దిగానే.

అక్టోబరులో గాలి దిక్కు మారుతుంది. ఈశాన్యం నుండి వీచే గాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమను నింపుకుని మన తీరాన్ని తాకుతుంది. ఇవి ఈశాన్య ఋతుపవనాలు. చెన్నైలో ఏటా సగటున సుమారు 140 సెంటీమీటర్ల వాన పడితే, అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే పడుతుంది. తెలుగువారిలోనే నెల్లూరు వారికి కూడా ఈ వానే ముఖ్యం. కాబట్టి వాన భాషను బట్టి కురవదు. గాలిని బట్టి, కొండను బట్టి, తీరాన్ని బట్టి కురుస్తుంది.

ఇదంతా తాతకు భూగోళ పాఠంగా తెలియదు. ఆయనకు తెలిసింది కార్తెలు. సూర్యుడు ఏడాదిలో ఇరవై ఏడు నక్షత్రాలను దాటుతాడని మన పెద్దల లెక్క. ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు. ఆ కాలమే ఒక కార్తె. "తెలుగు మాసం చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది. అందుకే మన దీపావళి ఒక ఏడు ముందూ, ఒక ఏడు వెనకా వస్తుంది. తమిళ నెల సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది. కార్తె కూడా సూర్యుడిదే. కాబట్టి సేద్యం చేసేవాడికి ఈ రెండూ ఎప్పుడూ తగాదా పడవు" అనేవాడు తాత. నిజమే. ఏప్రిల్ 14 ప్రాంతంలో తమిళుల చిత్తిరై నెల పుట్టినప్పుడే మన అశ్విని కార్తె ప్రవేశిస్తుంది. ఐప్పసి నెలలో చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు నడుస్తాయి. కార్తిగై నెలలో అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు వస్తాయి. పేర్లు వేరు, సూర్యుడు ఒక్కడే.

మా ఊరి ఏడాది ఎండతో మొదలయ్యేది. మే నెల 4వ తేదీ ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా ఉండే మండుటెండలను తమిళంలో కత్తిరి వెయిల్ అంటారు. తెలుగు పంచాంగం వాటినే కర్తరి అంటుంది. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. చెన్నపట్నంలో అయితే మధ్యాహ్నానికే సముద్రపు గాలి వీచి ఒళ్ళు చల్లబరుస్తుంది. ఆ గాలి నేల మీద నడిచి నడిచి మా ఊరు చేరేసరికి చీకటి పడేది. మేమంతా వాకిట్లో మంచాలు వేసుకుని దాని కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆ తరువాత రోహిణి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన సామెత. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళుల సామెత. ఎండను తట్టుకోలేక మన రోళ్ళు పగిలితే, గాలిని తట్టుకోలేక వారి సన్నికల్లు ఎగిరిందన్నమాట! అవ్వ ఈ రెండు సామెతలూ చెప్పి, "ఇక మన పచ్చడి నూరేదెట్లా?" అని మమ్మల్ని నవ్వించేది.

మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందంటారు. మా ఊళ్ళో ముసలి ఎద్దు మృగశిరలో రంకె వేయగా నేను వినలేదు. పడమటి నుండి పొడిగాలి దుమ్ము లేపుతూ వీచేది. అప్పుడప్పుడు సాయంత్రం వేళ ఉరుములతో ఒక జల్లు పడి, తెల్లవారేసరికి నేల ఆరిపోయేది. అయితే ఆ జల్లులను మేము చులకన చేసేవాళ్ళం కాము. వాటి పదునుకే ఆడి నెలలో వేరుశనగ విత్తేవాళ్ళు. సంబా వరికి నారు పోసేవాళ్ళు. నారు పోయడం జల్లులను నమ్మి, నాటు వేయడం రాబోయే వానను నమ్మి. పురట్టాసి నెలలో గాలి స్తంభించి, ఒళ్ళంతా జిడ్డు చెమట పట్టేది. అప్పుడు తాత సాయంత్రాలు చెరువు కట్ట మీద తూర్పు ముఖంగా కూర్చునేవాడు. ఒకనాడు చెంపకు తూర్పుగాలి తగిలేది. "తిరిగిందిరా గాలి!" అని లేచేవాడు.

ఐప్పసి వాన ముసురు పట్టిందంటే నాలుగైదు రోజులు వదలదు. మీకందరికీ తెలిసిన కష్టమే మాకూ ఉండేది. దీపావళికి కొన్న టపాకాయలను ఎండలో పెడదామంటే ఎండే ఉండేది కాదు. పుస్తకంలో శరదృతువు అంటే నిర్మలమైన ఆకాశం, పిండారబోసినట్టు వెన్నెల. మా ఊళ్ళో కార్తికపు చంద్రుడు మబ్బుల చాటున వారం రోజులు దాగి ఉండేవాడు. కార్తిక దీపాలు పెట్టేటప్పుడు అవ్వ ఒక చేత్తో ప్రమిద, ఇంకో చేత్తో చీరచెంగు పట్టుకుని గాలికి అడ్డం నిలబడేది. మార్గళిలో వాన తగ్గి మంచు దిగేది. తై నెల పుట్టగానే సంక్రాంతి, సంబా కోత. ఆ తరువాత చెరువులో మిగిలిన నీటితో నవరై అనే రెండో పంట. పంగుణి నాటికి చెరువు అడుగంటి, పిల్లలం చేపలు పట్టేవాళ్ళం. మళ్ళీ కత్తిరి.

ఇందులో ఒక కిటుకు ఉంది, గమనించండి. అరవై డెబ్బై రోజుల్లో కురిసే వానతో మిగిలిన మూడు వందల రోజులు బతకాలి. అందుకే ఈ ప్రాంతంలో పూర్వులు ఊరూరా చెరువు తవ్వారు. చెంగల్పట్టును ఏరుల జిల్లా అనేవారు. తమిళంలో ఏరి అంటే చెరువు. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటును అలుగు అంటారు. మా వైపు కలుజు అంటారు. కలుజు మీద వరుసగా రాళ్ళు పాతి ఉంటాయి. వాన తక్కువైన ఏడు ఆ రాళ్ళ సందుల్లో మట్టి, గడ్డి దట్టించి అడ్డుకట్ట వేస్తారు. చెరువులో మరొక అడుగు నీరు నిలుస్తుంది. పెద్ద వాన వచ్చినప్పుడు ఆ మట్టిని వెంటనే తీసివేయాలి. లేకపోతే నీరు చెరువు కట్ట మీదుగా పొర్లి, కట్టే తెగిపోతుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు ఐప్పసి నెల పొడిగా వెళ్ళిపోయింది. ఊరివాళ్ళు కలుజుకు మట్టి దట్టించారు. కార్తిగైలో రేడియో వాయుగుండం అన్నది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు వాన తెరిపి ఇవ్వలేదు. రెండో రాత్రి నీరుగంటి మా తలుపు తట్టాడు. నీళ్ళు కట్టకు జానెడు దిగువన ఉన్నాయన్నాడు. లాంతర్లు, గడ్డపారలు పట్టుకుని మగవాళ్ళంతా కదిలారు. వద్దంటున్నా వినకుండా నేనూ నాయన వెనుక వెళ్ళాను.

కలుజు దగ్గర అందరూ ఆగిపోయారు. మట్టి తీస్తే నీరు ఒక్కసారిగా కింది మళ్ళలోకి దూకుతుంది. సంబా వరి పొట్టకు వచ్చి ఉంది. ఆ మళ్ళు గలవాళ్ళు ఇంకాసేపు చూద్దామన్నారు. తెల్లారితే వాన తగ్గుతుందేమో అన్నారు. ఊరివైపు ఇళ్ళవాళ్ళు ఆగేందుకు వీల్లేదన్నారు. తెలుగులో కొందరు, తమిళంలో కొందరు, ఆ వానలో ఎవరి అరుపు ఎవరికీ వినబడలేదు. కలుజుకు ఆనుకుని ఉన్న మొదటి రెండెకరాలు మావే. తాత ఏమీ మాట్లాడలేదు. నాయన చేతిలోని గడ్డపార తీసుకుని వెళ్ళి, నడుము లోతు నీటిలో నిలబడి, మొదటి రాయి సందున మట్టి తానే పెకలించాడు. ఆ తరువాత ఎవరూ వాదించలేదు.

తెల్లవారేసరికి మా రెండెకరాలు ఎక్కడున్నాయో తెలియలేదు. కట్ట మాత్రం నిలిచింది. నాయన గట్టు మీద తలపట్టుకుని కూర్చున్నాడు. "పంట పోతే ఒక కారు పోతుందిరా. కట్ట పోతే ఏడాది పోతుంది" అన్నాడు తాత. ఆ సంక్రాంతికి మా ఇంట పొంగలికి కొత్త బియ్యం లేవు. పక్కింటి తమిళులు తమ గాదె నుండి కొలిచి తెచ్చి ఇచ్చారు. మాఘమాసంలో, అదే చెరువు నీటితో, అదే రెండెకరాల్లో నవరై నాటాము.

తరువాత నేను చదువు కోసం, ఉద్యోగం కోసం చెన్నపట్నం వచ్చాను. ఇక్కడ కురిసే వానా మా ఊరి వానే అని తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఈ మహానగరం కూడా పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం అనే చెరువుల మీద ఆధారపడి బతుకుతున్న ఒక పెద్ద ఊరే. 2015 నవంబరులో నుంగంబాక్కంలో ఒక్క నెలలోనే వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. డిసెంబరు 1వ తేదీన మళ్ళీ కుంభవృష్టి కురిసింది. చెంబరంబాక్కం చెరువు నిండి, అడయారు పొంగి, వేల ఇళ్ళు మునిగాయి. కార్తిగై వెళ్ళాక వాన లేదు, కర్ణుడు వెళ్ళాక దానం లేదు అని తమిళంలో సామెత. ఆ ఏడు కార్తిగై కర్ణుణ్ణి మించి ఇచ్చింది. కాని ఆ దానాన్ని నిలుపుకునే చోటు మనకు లేకపోయింది. 2018లో ఈశాన్య వాన తగ్గింది. 2019 జూన్ నాటికి ఆ నాలుగు చెరువులూ ఇంచుమించు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుండి రైలుబండిలో నీళ్ళు తెచ్చి నగరానికి పోశారు. మూడున్నరేళ్ళలో అదే నగరం నీటిలో మునిగింది, నీటికి వాచింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, ఉత్తరంగా కదిలి, బాపట్ల దగ్గర తీరం దాటింది.

ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఈ లెక్క గుర్తుంచుకోండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 140 సెంటీమీటర్ల వాన పడితే లక్షా నలభై వేల లీటర్లు. అందుకే 2003లో తమిళనాడులో ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ ఏర్పాటును తప్పనిసరి చేశారు. డాబా మీద నుండి గుంతలోకి దిగే ఆ గొట్టం మనకు చెరువు తూము వంటిది. దానిలో ఆకులు అడ్డుపడకుండా పురట్టాసిలోనే శుభ్రం చేయాలి. మట్టి తీయవలసిన వేళకు మట్టి తీయడమంటే నగరంలో ఇదే.

ఇప్పుడు నేను మీ వంటి పిల్లలకు పాఠాలు కూర్చే పనిలో ఉన్నాను. ఋతువుల పాఠం చేతికి వచ్చినప్పుడల్లా ఆ ఎర్ర సున్న గుర్తుకు వస్తుంది. శ్రావణ భాద్రపదాలను కొట్టివేయాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. అవి మన పూర్వులు చూసిన వాన. సామెతలుగా, కార్తెలుగా వారు మనకు మూటగట్టి ఇచ్చినది. వాటి పక్కన మన వాన కూడా ఉండాలనే నా ఆశ. స్వాతి కురిస్తే చట్రాయి కూడా పండుతుందని తెలుగులోనే ఒక సామెత ఉంది. స్వాతి కార్తె అక్టోబరు చివర వస్తుంది, మన వాన ఊపందుకునే వేళకు. "మృగశిర సామెత మనకు చుట్టం, స్వాతి సామెత ఇంటిమనిషి" అనేవాడు తాత.

చివరగా ఒక మాట. కృష్ణా నది నీటిని చెన్నపట్నానికి తెచ్చేందుకు 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. కండలేరు నుండి తవ్విన కాలువ ఊత్తుకోట దగ్గర తమిళనాడులో ప్రవేశిస్తుంది. ఆ నీరు 1996లో మొదటిసారి పూండి చేరింది. దానిని చూడడానికి తాత లేడు. నాయనతో కలిసి నేను వెళ్ళి కాలువ గట్టున నిలబడ్డాను. పడమటి కనుమల మీద నైరుతి గాలికి కురిసిన వాన అది. నా పుస్తకంలోని శ్రావణ భాద్రపదాల వాన, నెలల తరబడి నడిచి, మా ఊరి పొలిమేరకు వచ్చింది. అక్కడ నుండి పూండిలోకి దిగి, కొసస్థలి తెచ్చిన మన కార్తికపు వానతో కలిసిపోయింది.

ఆ చెరువు నీటిలో ఏ చుక్క ఏ మాసానిదో ఎవరు చెప్పగలరు? నాలుగో తరగతిలో నాకు బోధపడని సంగతి ఆ గట్టు మీద బోధపడింది. మీ పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పుస్తకంలోని జవాబు రాయండి. దాని కింద, మీ కిటికీలోంచి మీరు చూసిన జవాబు కూడా రాయండి.